ఫేర్‌వెల్ సాయంత్రానికి మా పిల్లలకు ఒక బస్సు ఇవ్వండి

తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



భద్రాచలం నుంచి చర్లకు పోయే రోడ్డు వెంబడి ఉన్న మండలాల్లో, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే టీచర్ని. ఈ ఉత్తరం జీతాల గురించో బదిలీల గురించో కాదు. ఏటా సంక్రాంతి సెలవులు అయిపోయాక, పదో తరగతి పరీక్షలు మొదలయ్యేలోగా మా బళ్లలో ఒక సాయంత్రం వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు పదో తరగతి పిల్లలను సాగనంపే సాయంత్రం. అందరూ ఫేర్‌వెల్ అనే అంటారు. ఆ రోజు మా పిల్లలు ఏ బండెక్కి వస్తున్నారో, చీకటి పడ్డాక ఏ బండిలో అడవిదారిన ఇళ్లకు చేరుతున్నారో మీకు తెలియాలి. మీ సంస్థ తలుచుకుంటే చేయగల పని ఒకటుంది. అది అడగడానికే ఇంత బహిరంగంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఈ పిల్లలకు ఎంతటిదో తెలియకపోతే నేను అడిగేది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఆడపిల్లలు చీర కడతారు. చాలామందికి అదే మొదటి చీర. అమ్మదో, పిన్నిదో, పెళ్లయిన అక్కదో అడిగి తెచ్చుకుంటారు. జాకెట్టు వదులైతే పక్కలకు కుట్టు వేసుకుంటారు. మగపిల్లలు తెల్లచొక్కా, పంచె. వారం ముందు నుంచీ డాన్సు ప్రాక్టీసు. తలా ఇంత వేసుకుని కేకు, భోజనాలు, డీజే బాక్సులు. కోయ పిల్లలున్న బళ్లో సినిమా పాటలు ఎన్ని పెట్టినా చివరికి రేలా పాటకు అందరూ చేతులు కలిపి అడుగు వేయకుండా సభ ముగియదు. సార్ల కాళ్లకు దండం పెడతారు, ఏడుస్తారు, మళ్లీ నవ్వుతారు, ఫోటోలు దిగుతారు.

పెద్దవాళ్లలో కొందరికి ఇది నచ్చదు. పరీక్షల ముందు ఈ హంగామా ఎందుకంటారు. మా రోజుల్లో ఒక గ్రూపు ఫోటో, ఒక మిక్చరు పొట్లంతో సరిపోయేదంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. భూమి పండుగ, కొత్తల పండుగ, జాతర అన్నీ ఊరివి, ఇంటివి. పిల్లలు తామే తలపెట్టి, తామే డబ్బు పోగుచేసి, తామే నడిపించే వేడుక ఇదొక్కటే. పది అయ్యాక కొందరు భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం కాలేజీలకు పోతారు. కొందరు మిర్చి తోటల పనిలోకి, కొందరు పట్నం పనులకు పోతారు. కొందరు ఆడపిల్లలకు ఆ వేసవిలోనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు మళ్లీ అంతమందీ ఒకచోట కలుస్తారన్న నమ్మకం లేదు. అందుకే ఆ సాయంత్రం వాళ్లకంత ముఖ్యం.

హైదరాబాదులో కొన్ని పెద్ద ప్రైవేటు బళ్లలో ఇలాంటి వేడుకను ప్రామ్ నైట్ అంటున్నారు. అమెరికాలో హైస్కూలు పిల్లలకు అది ఎప్పటినుంచో ఉంది. అక్కడ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ రాత్రి స్నేహితులతో కలిసి పొడవాటి లిమోజిన్‌నో, పార్టీ బస్సునో కిరాయికి మాట్లాడుకుని వెళ్తుంటారు. అందరం ఒకే బండిలో పోవాలి, ఒకే బండిలో రావాలి అన్నది అక్కడి పిల్లల కోరిక. మా పిల్లల కోరికా అదే. ఆ దేశంలో కూడా ఇలాంటి కిరాయి బండ్ల మీద ప్రభుత్వం గట్టిగా కన్ను వేసింది ప్రాణాలు పోయాకే. 2018 అక్టోబర్ 6న న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహరీ దగ్గర పుట్టినరోజు వేడుకకు వెళ్తున్న లిమోజిన్ అదుపు తప్పి 20 మంది చనిపోయారు. తనిఖీలో ఫెయిలైన బండి అది. నడిపిన డ్రైవరుకు ఆ బండికి తగిన లైసెన్సు లేదు. 2020లో ఆ రాష్ట్రం లిమోజిన్లకు సీటుబెల్టుల వంటి నియమాలతో కొత్త చట్టాలు తెచ్చింది. మనం అంతదాకా ఆగాల్సిన పని లేదు.

ఇక మా దగ్గరి దారుల సంగతి. హైస్కూలు మండల కేంద్రంలోనో, రోడ్డు పక్క పెద్ద ఊళ్లోనో ఉంటుంది. పిల్లలు వచ్చేది లోపలి ఊళ్ల నుంచి. ఆశ్రమ పాఠశాలల్లో ఉండే పిల్లలకు ఈ బాధ లేదు, వాళ్ల వేడుక హాస్టల్ ఆవరణలోనే జరుగుతుంది. ఇబ్బందంతా రోజూ ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లలది. మామూలు రోజుల్లో సైకిలు, షేర్ ఆటో, పల్లెవెలుగు, లేదంటే నడక. బడి వదిలే వేళకు ఒక బస్సు ఉంటుంది కాబట్టి ఎలాగో గడిచిపోతుంది. ఫేర్‌వెల్ రోజు ఆ బస్సు వెళ్లిపోయాకే అసలు కార్యక్రమం మొదలవుతుంది. పైగా చాలా బళ్ల పిల్లలు ఆ రోజు భద్రాచలం పోయి రాములవారి దర్శనం చేసుకుని, కరకట్ట మీద ఫోటోలు దిగి రావాలనుకుంటారు. కొందరు పర్ణశాల అంటారు. పాల్వంచ వైపు పిల్లలు కిన్నెరసాని డ్యాం అంటారు. భద్రాచలం జూనియర్ కాలేజీ పిల్లలైతే ఏదో ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడుకుంటారు. ఏది చేసినా నలభై యాభై మందికి బండి మాట్లాడాలి.

ఏ బండి దొరుకుతుంది? సరిగ్గా అది మా వైపు మిర్చి కోతల కాలం. తెల్లవారుజామున కూలీలను తోటలకు తీసుకెళ్లే ట్రాక్టర్ ట్రక్కులు, ట్రాలీ ఆటోలు, బొలెరోలు, డీసీఎంలు ఊరూరా తిరుగుతుంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలు కూడా వాటిలోనే వస్తారు. పొద్దున కూలీలను దింపిన డీసీఎం సాయంత్రానికి ఖాళీ. ఆ డ్రైవరు ఎవరో ఒక పిల్లాడి మేనమామ అయి ఉంటాడు. బేరం అక్కడే కుదురుతుంది.

ఆ బండి ఎక్కడం మీరు ఒకసారి చూడాలి. వెనక డాలా దించి, కింద బడి బెంచీ వేస్తారు. చీర కట్టుకున్న పిల్ల ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో పైనున్న స్నేహితురాలి చెయ్యి అందుకుని బెంచీ మీద నుంచి పైకి ఎక్కుతుంది. లోపల మిర్చి ఘాటు ఇంకా పోదు, ఎక్కినవాళ్లందరూ తుమ్ముతుంటారు. ఒక మూలన డీజే బాక్సులు, జనరేటరు. అంచులకు ఒక తాడు కట్టి ఉంటుంది, అదే ఆధారం. కూర్చోవడానికి చోటుండదు. ఉన్నా చీర పాడవుతుందని ఎవరూ కూర్చోరు. డాలా మూసి, కొక్కెం వేసి, డ్రైవరు పాట పెడతాడు. అందరూ ఒక్కసారి కేరింత కొడతారు. ఆ కేరింతలో ఎంత ఆనందం ఉంటుందో నాకు తెలుసు. ఆ క్షణంలో అక్కడ నిల్చుని ఉన్న మాకు గుండెల్లో ఎలా ఉంటుందో కూడా తెలుసు. మలుపు దగ్గర ఆ బండి ఒక పక్కకు ఒరిగి మళ్లీ నిలదొక్కుకునే దాకా ఏ టీచరూ అక్కడి నుంచి కదలరు.

వద్దని చెప్పలేదా అని మీరు అడగవచ్చు. చెబుతాం. చెబితే ఏమవుతుందో కూడా చెప్పాలి. డీసీఎం వద్దంటే పిల్లలు వేడుక మానుకోరు. మగపిల్లలు అన్నదో బాబాయిదో బైకు తీసుకుని ముగ్గురేసి ఎక్కి వస్తారు. లైసెన్సు వయసు రాని పిల్లలు వాళ్లు. ఆడపిల్లలను ఇంట్లో పంపరు. అంటే బండి మానిపిస్తే ఆడపిల్లల వేడుక పోతుంది, మగపిల్లల ప్రమాదం పెరుగుతుంది.

పిల్లలు డీసీఎం వైపు మొగ్గడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అవి తెలివితక్కువవి కావు. అందరూ ఒకే బండిలో పడతారు. డబ్బు తర్వాత ఇచ్చినా యజమాని ఊరుకుంటాడు. ఊరి చివరి దాకా వస్తుంది. ఎంత ఆలస్యమైనా ఉంటుంది. పాటలు పెట్టుకోవచ్చు. తెలిసినవాడి బండి కాబట్టి తల్లిదండ్రులకు భయం ఉండదు. ఈ ఆరింటిలో కనీసం నాలుగు మీ బస్సు ఇవ్వగలిగితే ఏ పిల్లా ఆ డాలా ఎక్కదు. సీటు మీద కూర్చుని, చీర నలగకుండా, కిటికీ పక్కన గాలి పీలుస్తూ పోవడం ఎవరికి ఇష్టం ఉండదు?

తల్లిదండ్రులకు తెలియని సంగతి ఇంకొకటుంది. డీసీఎం, ట్రాక్టర్ ట్రక్కు, ట్రాలీ ఆటో మనుషులను ఎక్కించుకోవడానికి పర్మిట్ ఉన్న బండ్లు కావు. సరుకు బండిలో సరుకు యజమానో, అతని తరఫు మనిషో తప్ప వేరేవాళ్లు ఎక్కి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం చెల్లించనక్కర్లేదని న్యూ ఇండియా అస్యూరెన్స్, ఆశారాణి కేసులో 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఏదైనా జరగరానిది జరిగితే భారమంతా బండి యజమాని మీద పడుతుంది. అతనికున్న ఆస్తి ఫైనాన్సు మీద తెచ్చుకున్న ఆ బండి ఒక్కటే. బిడ్డను పోగొట్టుకున్న కూలి కుటుంబం కోర్టులో గెలిచినా చేతికి ఏమీ రాదు. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలి మహిళలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. తెలిసిన డ్రైవరు, తెలిసిన దారి, రోజూ ఎక్కే బండి. మా పిల్లలు ఎక్కేదీ అలాంటి బండే. పైగా పగటిపూట కాదు, చీకట్లో.

సరే, చట్టప్రకారం మనుషులను ఎక్కించుకునే ప్రైవేటు టూరిస్టు బస్సు మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. డబ్బు సంగతి పక్కన పెట్టినా మాకు ఇంకో చిక్కుంది. 2014 మే 29 ఆర్డినెన్సుతో, ఆ తర్వాత జులైలో పార్లమెంటు ఆమోదించిన సవరణతో పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. దాని చుట్టూ ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలు అటు పోయాయి. అవి మళ్లీ మాకు ఇవ్వమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. ఫలితం ఏమిటంటే, భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోవాలన్నా చర్ల పోవాలన్నా మధ్యలో పక్క రాష్ట్రం నేల మీదుగా పోవాలి. తెలంగాణ పర్మిట్ మాత్రమే ఉన్న కిరాయి బస్సుకు కాగితం ప్రకారం చూస్తే ఆ కొద్ది దూరానికీ వేరే పర్మిటు, వేరే పన్ను. అందుకని యజమానులు రామంటారు, లేదంటే ఆ ఖర్చంతా పిల్లల మీదే వేస్తారు. మీ పల్లెవెలుగు మాత్రం రోజూ ఆ దారినే పోతుంది, ఎవరూ ఆపరు. ఈ సరిహద్దులో నలభై మంది పిల్లలను ఏ చిక్కూ లేకుండా దాటించగల బండి ఆర్టీసీ బస్సే.

ప్రైవేటు బళ్లకు పసుపు బస్సులున్నాయి. మోటారు వాహనాల చట్టం వాటిని ఆ విద్యాసంస్థ పిల్లలను, సిబ్బందిని ఆ సంస్థ పనుల మీద తీసుకెళ్లడానికే అని నిర్వచించింది. కాబట్టి వాళ్ల పిల్లలు ఫేర్‌వెల్‌కు దర్జాగా సొంత బస్సులో పోతారు. ప్రభుత్వ బడికి సొంత బస్సు లేదు. పక్క ప్రైవేటు బడి యాజమాన్యం మంచి మనసుతో బస్సు ఇస్తానన్నా చట్టం ఒప్పుకోదు, మేమూ తీసుకోలేం.

మీ సంస్థలో బస్సును కిరాయికి ఇచ్చే పద్ధతి లేదని నేను అనడం లేదు. ఉంది. డిపాజిట్ ఎత్తేసి, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే వీలు కల్పించి మీ సంస్థ దాన్ని జనానికి దగ్గర చేసింది. పెళ్లిళ్లకు చాలామంది వాడుకుంటున్నారు. చిక్కు ఏమిటంటే ఆ పద్ధతి పెళ్లివారిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. డిపోలో బయలుదేరి మళ్లీ డిపో చేరేదాకా కిలోమీటర్లు లెక్క కడతారు. మా ఊళ్లకు డిపో దూరం, పిల్లలు తిరిగేది తక్కువ. ఖాళీగా వచ్చి ఖాళీగా పోయే దూరానికే ఎక్కువ డబ్బు పోతుంది. ఆగి ఉన్న గంటలకూ లెక్క ఉంటుంది. డబ్బు ముందే కట్టాలి. పిల్లల దగ్గర డబ్బు పోగయ్యేది ఆఖరి రెండు రోజుల్లో, అమ్మానాన్నలకు మిర్చి కూలి చేతికొచ్చాక. పెళ్లికొడుకు తండ్రి కట్టగలిగిన మొత్తం తొమ్మిదో తరగతి లీడరు కట్టలేడు. పైగా అది మాఘమాసం, ముహూర్తాల కాలం. బస్సులన్నీ పెళ్లిళ్లకు పోయి ఉంటాయి.

మహాలక్ష్మి పథకం వచ్చింది 2023 డిసెంబర్ 9న. ఆ రోజు నుంచి మా ఆడపిల్లలు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్‌తో బడికి వస్తున్నారు. పదో తరగతి స్పెషల్ క్లాసులకు హాజరు నా కళ్ల ముందే మెరుగుపడింది. ఇంత మంచి పని చేసిన సంస్థకు ఇది రాస్తున్నానని నాకు తెలుసు. కానీ అదే అమ్మాయి, అదే దారిలో, అదే పల్లెవెలుగులో, ఒక్క ఫేర్‌వెల్ రోజు మాత్రం పూర్తి కిరాయిలో వాటా కట్టాలి. ఎందుకంటే అది కిరాయి బస్సు, రూటు బస్సు కాదు. మేడారం విషయంలో మీరే దీనికి దారి చూపించారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన సమ్మక్క సారలమ్మ జాతరకు వేల స్పెషల్ బస్సులు నడిపారు, ఆడవాళ్లను ఉచితంగా తీసుకెళ్లారు. స్పెషల్ బస్సులో ఉచితం కుదరదన్న నియమం ఆ రోజు అడ్డు రాలేదు. అడవి మధ్యలోకి, చీకట్లో, లక్షలమందిని చేర్చి తిరిగి తెచ్చిన సంస్థకు ఒక మండలంలో నాలుగు హైస్కూళ్ల పిల్లలను ఇంటికి చేర్చడం కష్టమని నేను నమ్మను.

నేను అడిగేది ఇది. జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా భద్రాచలం, మణుగూరు, కొత్తగూడెం డిపోల నుంచి ప్రభుత్వ బళ్లకు, ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు ఫేర్‌వెల్ బస్సు అని ఒక ప్రత్యేక ఏర్పాటు పెట్టండి. హెడ్మాస్టరు లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం, పిల్లల పేర్ల జాబితా, వెంట వచ్చే ఇద్దరు టీచర్ల సంతకాలు ఉంటే బుకింగ్ అయిపోవాలి. డిపో నుంచి డిపోకు కాకుండా పిల్లలు ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా లెక్క కట్టండి. ఆడపిల్లల వాటాకు మహాలక్ష్మి వర్తింపజేయండి. మిగిలింది మగపిల్లలు వేసుకుంటారు, తక్కువ పడితే మేం టీచర్లం వేస్తాం. డబ్బు బస్సు ఎక్కే రోజు కట్టే వీలు ఇవ్వండి, పూచీ హెడ్మాస్టరు ఉంటారు.

బస్సులు లేవన్న సంగతి నాకూ తెలుసు. మహాలక్ష్మి వచ్చాక పొద్దున పూట మా రూట్లలో నిల్చోడానికి చోటుండటం లేదు, డ్రైవర్లు డబుల్ డ్యూటీలు చేస్తున్నారు. అందుకే బడి రోజు బస్సు పీకి మాకు ఇవ్వమనడం లేదు. ఆదివారం, రెండో శనివారం విద్యార్థుల ట్రిప్పులకు రద్దీ ఉండదు. ఫేర్‌వెల్ ఆ రోజుల్లో పెట్టుకోవడానికి మేం సిద్ధం. మండల విద్యాధికారి డిసెంబరులోనే తన మండలం బళ్ల తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి డిపో మేనేజరుకు ఇవ్వగలరు. ఒకే రోజు రెండు బళ్లు పడకుండా సర్దుకోగలం. శ్రీరామనవమికి, ముక్కోటికి రూట్లు, ట్రిప్పులు ఎలా వేయాలో మీ భద్రాచలం డిపో సిబ్బందికి చెప్పాల్సిన పనిలేదు. అందులో పదో వంతు కసరత్తు చాలు దీనికి.

ఇంకొక దారి కూడా ఉంది, అది నాకు మరీ ఇష్టం. లోపలి ఊళ్లకు పోయి రాత్రి అక్కడే ఆగి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా తిరిగి వచ్చే నైట్ హాల్ట్ బస్సులు మీకు ఏజెన్సీలో ఉన్నాయి. ఒకప్పుడు మావోయిస్టుల బంద్ పిలుపు వస్తే ఆ బస్సులు సాయంత్రానికే డిపోకు చేరిపోయేవి, ఊళ్లు చీకటవక ముందే తలుపులు వేసుకునేవి. ఇప్పుడు పరిస్థితి మారింది. ఫేర్‌వెల్ రోజు ఆ నైట్ హాల్ట్ బస్సు బడి దగ్గర గంటో గంటన్నరో ఆగి, పిల్లలను ఎక్కించుకుని, దారిలో ఊరూరా దింపుకుంటూ పోతే చాలు. కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డ్రైవరు అక్కర్లేదు, ఖాళీ కిలోమీటరు ఒక్కటీ లేదు. అది రూటు బస్సే కాబట్టి ఆడపిల్లలకు జీరో టికెట్ కూడా మామూలుగానే వస్తుంది. కావాల్సింది ఆ ఒక్క రోజు ఆ ఒక్క ట్రిప్పు టైము మార్చుకునే అధికారం డిపో మేనేజరుకు ఇవ్వడం. ముందు రోజే ఊళ్లలో చెబితే మిగతా ప్రయాణికులు అర్థం చేసుకుంటారు. వాళ్ల పిల్లలే కదా ఎక్కేది.

బస్సు ఇచ్చినప్పుడు ఒక నియమం గట్టిగా పెట్టమని కూడా నేనే అడుగుతున్నాను. సీట్లెన్నో పిల్లలంతమందే. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో మీ సంస్థ బస్సే పడి 60 మందికి పైగా పోయారు. అందులో వంద మంది దాకా ఎక్కి ఉన్నారు. పిల్లలు ఎక్కువైతే రెండు విడతలు తిప్పండి, మేం వెనక ఉండి చివరి పిల్ల ఎక్కేదాకా చూసుకుంటాం. డ్రైవరు పొద్దుటి నుంచి డ్యూటీలో ఉన్నవాడు కాకుండా చూడండి. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి పోయే ఘాట్ వైపు విహారానికి పోదామని పిల్లలు అడిగితే మాత్రం డిపోలోనే వద్దనండి. 2019 అక్టోబర్ 15న ఆ ఘాట్‌లో కర్ణాటక యాత్రికుల బండి లోయలో పడి 8 మంది చనిపోయారు. పర్ణశాల, భద్రాచలం, కిన్నెరసాని చాలు మా పిల్లలకు.

బడి బయట జరిగేదానికి ఆర్టీసీకి ఏం సంబంధం అని ఎవరైనా అంటే నేను ఒకటే గుర్తుచేస్తాను. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన సంస్థ మీది. రైలు పోని ఊరికి మనుషులను చేర్చడానికే పుట్టింది. భద్రాచలానికి ఇప్పటికీ రైలు లేదు. చర్లకు, దుమ్ముగూడేనికి అసలే లేదు. ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఆసుపత్రికి, సంతకు, బడికి పోయింది మీ బస్సులోనే.

తోటి టీచర్లకూ ఒక మాట. బస్సు వచ్చినా రాకపోయినా ఈ ఏడాది నుంచి పిల్లలను సరుకు బండి ఎక్కనివ్వకుండా ఉండాలంటే, బండి మాట్లాడే పని పిల్లల మీద వదిలేయకుండా మనం చేతిలోకి తీసుకోవాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఆ బీమా సంగతి చెప్పండి. చెబితే వింటారు. మా బళ్లో ఒక తండ్రి, సొంతంగా డీసీఎం ఉన్నాయన, ఆ మాట విన్నాక తనే లేచి నా బండి ఇవ్వను అన్నాడు.

మేనేజింగ్ డైరెక్టర్ గారూ, ఈ ఏర్పాటుకు బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు, కొత్త పథకం పేరు అక్కర్లేదు. మీ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. సంక్రాంతి సెలవులు ముగిసి బళ్లు తెరిచేసరికి ఆ సర్క్యులర్ భద్రాచలం, మణుగూరు, కొత్తగూడెం డిపోల నోటీసు బోర్డు మీద ఉండేలా చూడండి. తేదీల జాబితా మేం తయారుగా ఉంచుతాం.

భవదీయురాలు,
దుమ్ముగూడెం, చర్ల వైపు పనిచేసే ఒక తెలుగు ఉపాధ్యాయురాలు